గాలి లెక్క అడిగిన సోడా పెద్దమ్మ

పోయిన వారం మార్కాపురంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. నర్సమ్మ నా దండకు పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, గాలి మెల్లగా వదిలి, "నూట యాభై, తొంభై అయిదు" అంది.

"నూట యాభై ఏంది?" అన్నాను.

"బీపీ, అన్నా."

"బీపీ అని తెలుసమ్మా. నూట యాభై ఏంది? కేజీలా, పౌండ్లా?"

ఆ అమ్మాయి నా వైపు అనుమానంగా చూసింది. అవతల బల్ల దగ్గర కూర్చున్న డాక్టరు నవ్వి, "మిల్లీమీటర్లండీ. మీ రక్తం తోసే తోపుకు గొట్టంలో పాదరసం నూట యాభై మిల్లీమీటర్ల ఎత్తు లేస్తుందని లెక్క" అన్నాడు.

మందుల చీటీ తీసుకుని బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక అర్థమైంది, ఆ ప్రశ్న నాది కాదని. గిద్దలూరులో స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో సోడాలు కొట్టే పెద్దమ్మది. ఒత్తిడిని ఎత్తుతో కూడా కొలుస్తారని ఆమెకు చెప్పి ఉంటే ఆ రోజు ఇక సోడాలు కొట్టేది కాదు. పాదరసం ఎందుకు, నీళ్ళయితే ఎంత ఎత్తు లేస్తాయి, నూనె అయితే ఎంత అని నన్ను కూర్చోబెట్టేది. కానీ ఆమె పోయి ఆర్నెల్లు దాటింది.

ఆమెను అందరూ సోడా పెద్దమ్మ అనేవాళ్ళు. కోమట్ల ఇల్లు. భర్తది పక్కనే కిరాణా దుకాణం. రెంటికీ మధ్య ఒక తలుపు. ఆ తలుపులోంచి ఆయనకు చిల్లర అందించడానికి తప్ప ఆమె కిరాణా వైపు వెళ్ళేది కాదు. సోడా మిషను అత్తగారి కాలం నాటిది. "పప్పులూ ఉప్పులూ ఎప్పుడు చూసినా ఒక్క తీరుగానే ఉంటాయి. ఇది అట్లకాదు" అనేది.

మనిషి పొట్టి. కుడి చేతికి మోచేతి దాకా తువ్వాలు చుట్టుకునేది, సీసా పగిలితే గాజు గుచ్చుకోకుండా. సీసాను మిషనులో తిప్పి బయటికి తీశాక ఒక్క క్షణం తల పక్కకు వంచి, లోపల గోలీ అంచుకు ఎట్లా కరుచుకుందో వినేది. నచ్చకపోతే పక్కన పెట్టేసేది. ఇంకొక అలవాటు ఏమిటంటే, ఎక్కడ అంకె కనబడినా చదివేది. ఆటో టైరు మీదిది, గోనె సంచి మీదిది, కుక్కరు మూత మీదిది. చదివి, ఎదుట ఎవరుంటే వాళ్ళను అడిగేది. "ముప్ఫై అని రాసినారు. ముప్ఫై ఏంది?" అంకె ఒక్కటే చెప్తే ఆమెకు సగం మాట చెప్పి ఆపేసినట్లుండేది. అవతలివాళ్ళకు తెలియకపోతే నొచ్చుకునేది కాదు. "సరే, తెలిసినోళ్ళు ఎవరన్నా వస్తారులే" అనేది.

అట్లా వచ్చినవాళ్ళలో ఒకాయన గూడ్సు బండి గార్డు. అది నేను ఆమెను ఎరగక ముందు సంగతి, ఆమె చెప్పిందే. బండిని గిద్దలూరులో నిలబెట్టేస్తే ఆయన సోడాకు వచ్చాడట. మాటల్లో, బ్రేకు పైపులో గాలి అయిదు కేజీలుంటేనే బండి కదులుతుందని, పడిపోతే ఆగిపోతుందని అన్నాడట.

"అయిదు కేజీలంటే మా ఆయన అమ్మే బెల్లం దిమ్మె. దానికి అంత బండి ఆగుతుందా?" అని అడిగిందట ఈమె.

ఆయన సోడా కింద పెట్టి, తన చిటికెన వేలి గోరు చూపించాడట. "ఇంత చోటు మీద అయిదు కేజీలమ్మా. ఇంకో గోరంత చోటు ఉంటే దాని మీద ఇంకో అయిదు. పైపు లోపల ఎన్ని గోళ్ళు పడతాయో చూసుకో."

ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె తన గోరును కొత్తగా చూసుకునేది. "అంత వరకు నేను ప్రెజరంటే లోపల ఎంత గాలుందో అనుకునేదాన్ని. ఎంత గాలి అని కాదంట. ఎంత చోటు మీద ఎంత బరువు అంట" అనేది.

నాకు స్టేషన్ దగ్గర ఫ్లెక్సీల దుకాణం. జిల్లాలు విడగొట్టి, కందుకూరును నెల్లూరులో కలిపి, మమ్మల్ని ప్రకాశంలోనే ఉంచిన ఏడాది, నేనూ మా బావమరిదీ కలిసి నంద్యాల రోడ్డులో ఎండిపోయిన ఒక సపోటా తోట కౌలుకు తీసుకుని పెయింట్‌బాల్ ఆట పెట్టాం. రేకులు, పాత టైర్లు, డ్రమ్ములు అడ్డం పెట్టుకుని, రెండు జట్లు రంగు గోలీలతో కాల్చుకునే ఆట. హైదరాబాదులో ఎవరో మూసేస్తుంటే తుపాకులూ, వాటికి బిగించే చిన్న సిలిండర్లూ తెచ్చాం. జనం బాగానే వచ్చారు. వారం తిరక్కముందే సిలిండర్లలో గ్యాసు అయిపోయింది. అందులో ఉండేది సోడా గ్యాసేనని ఎవరో చెప్తే, ఒక సిలిండరు సంచిలో వేసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెతో మాట్లాడడం అదే మొదలు.

ఆమె దాన్ని తువ్వాలు చేత్తో అందుకుని చుట్టూ తిప్పింది. "ఇరవై అని ఉంది. ఇరవై ఏంది?"

"ప్రెజరు, పెద్దమ్మా."

"సోడా సీసాలోనే ఏడెనిమిది ఉంటది. ఇంత లావు గోడకు ఇరవయ్యేనా?" మళ్ళీ తిప్పింది. మెడ దగ్గర చెక్కిన అంకె కనబడింది. "పద్దెనిమిది వందలు. ఇది చేసిన సంవత్సరమా?"

"అంత పాతదేం కాదు. నంబరయ్యుంటది, బండి నంబరు మాదిరి."

"నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇంక దీంట్లో గ్యాసు ఎట్ల ఎక్కిస్తాం నాయనా?" అని కౌంటరు మీద పెట్టి సోడాలు కొట్టుకోసాగింది.

నేను అక్కడే నిలబడి హైదరాబాదుకు ఫోను చేశాను. ఇరవై అనేది ఔన్సులట, లోపల పట్టే గ్యాసు బరువు. పద్దెనిమిది వందలు పీఎస్ఐ అట, దానికి రాసిచ్చిన ప్రెజరు. ఈ రెండు ముక్కలు చెప్పేసరికి ఆమె మిషను వదిలేసి స్టూలు లాక్కుంది. "బరువు సరే. తక్కెడుంది, తూస్తాం. పీఎస్ఐ అంటే?"

ఒక అంగుళం పొడుగు, ఒక అంగుళం వెడల్పు చోటు మీద అన్ని పౌండ్లు. ఫోనులో చూసి చెప్పాను. ఆమె మిషను మీటరు మాత్రం గార్డు చెప్పిన లెక్కలో, సెంటీమీటరు చోటుకు కేజీల్లో ఉంది. రెంటికీ పొంతన ఏమిటన్నది ప్రశ్న. పక్క టైలరు దగ్గర టేపు తెచ్చింది. ఒక వైపు అంగుళాలు, ఒక వైపు సెంటీమీటర్లు. దుకాణం ముందరి కంభం రాతి బండ మీద సుద్దతో ఒక అంగుళం గడి గీసి, దాంట్లో సెంటీమీటరు గళ్ళు గీయడం మొదలుపెట్టింది. నేను కేజీకి రెండు పౌండ్ల పైచిలుకు కదా అని రెండుంపావుతో ఆపేశాను. ఆమె గళ్ళు ఆరున్నర అని అక్కడ ఆపేసింది. ఇద్దరివీ వేర్వేరు జవాబులు. రెండూ తప్పే. కాసేపు ఆ బండనే చూస్తూ ఉన్నాక, రెండు అంకెల్నీ కలిపి గుణించాలని ఇద్దరికీ దాదాపు ఒకేసారి తట్టింది. గోరు చోటు మీద కేజీ అంటే అంగుళం చోటు మీద పద్నాలుగు పౌండ్ల చిల్లర.

"అయితే నీ పద్దెనిమిది వందలు మా మీటరులో ఎంత?"

"నూట ఇరవై, ముప్ఫై మధ్య."

"అట్ల చెప్పు. ఇప్పుడు వినబడింది" అంది. అవతలి తలుపులోంచి భర్త, "సోడాలు అడుగుతున్నారు వాళ్ళు" అన్నాడు. ఆయన చాలా తక్కువ మాట్లాడే మనిషి.

గ్యాసు సప్లై చేసే మనిషి వచ్చి, చిన్న సిలిండర్లు నింపే సామాను బిగించి, పద్ధతి నేర్పించాడు. చిన్నదాన్ని ముందు ఐసులో పెట్టి చల్లబరచాలి. ఖాళీగా తూచి, నింపి, మళ్ళీ తూచాలి. రాసినదానికంటే చుక్క ఎక్కువైనా బయటికి వదిలేయాలి. కిరాణా తక్కెడలో ఆమె వాటిని తూస్తుంటే భర్త మొహం చిట్లించేవాడు. "బియ్యం తూచే దాంట్లో బాంబులు" అని ఒకసారి అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఆ చలికాలంలో నాకు ఒక వింత ఎదురైంది. సిలిండరుకు మీటరు బిగించి పొద్దున్నుంచి ఆడించినా సూది ఉన్నచోటే ఉండేది. ఆఖర్న ఒక్కసారిగా జారిపోయేది. మీటరు చెడిపోయిందనుకుని కర్నూలు నుంచి ఇంకొకటి తెప్పించాను. అదీ అంతే. పెద్దమ్మతో చెప్తే ఆమె నవ్వింది.

"మా పెద్ద సిలిండరూ అంతే. దాదాపు నెలంతా కదలదు, అయిపోయే ముందు పడిపోతది. దాని గుణమే అంత, మొండిది అనుకున్నా ఇన్నేళ్ళు."

ఈసారి జవాబు గ్యాసు మనిషి దగ్గర దొరికింది. లోపల గ్యాసు నీళ్ళ మాదిరి అణిగి ఉంటుందట. పైన వాడుకున్నకొద్దీ కింద నుంచి మరిగి ఆవిరవుతూ ఉంటుంది. ఆ నీళ్ళు ఉన్నంతసేపూ సూది మారదు. ఎంత ఉందో తెలియాలంటే తూచాల్సిందే. ఆమె పెద్ద సిలిండరు మీద చెయ్యి వేసి చూసింది. తర్వాత, "గిన్నెలో నీళ్ళు నిండా ఉన్నా సగమున్నా మరిగేది ఒక్క తీరే గదా. మరి సూది చెప్పేది ఏంది, లోపల ఎంత వేడుందో అదా?" అంది.

చూద్దామన్నాను. ఐసు బకెట్లో సిలిండరు పెట్టాం. సూది మెల్లగా కిందికి దిగింది. తీసి, గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ చుట్టాం. పైకి పాకింది. చుక్క గ్యాసు పోలేదు, చుక్క ఎక్కలేదు. సోడాకు వచ్చినవాళ్ళు నలుగురు వంగి చూస్తున్నారు. ఆమె మీటరు అద్దాన్ని గోటితో తట్టి, "చూసినారా? ఏమీ పెట్టకుండానే పెరిగింది. ఏమీ తీయకుండానే తగ్గింది" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చూపించింది. ఆ సాయంత్రం ఆమె మొహం ఎట్లా ఉందంటే, ఇంట్లో ఏదో శుభకార్యం జరుగుతున్నట్లుంది.

ఇంకోసారి, మనందరి మీదా గాలి గోరంత చోటుకు కేజీ చొప్పున ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుందని, దేనికీ బిగించని ఉత్త మీటరు సున్నా చూపించేది ఆ కేజీని లెక్కలో పెట్టుకోకుండానేనని చెప్పాను. అరచేయి తిరగేసి చూసుకుంది.

"తెలియడం లేదే."

"లోపల నుంచి కూడా అంతే తోస్తదంట."

"అయితే సున్నా అంటే సున్నా కాదన్నమాట" అంది. రెండు రోజులు ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెప్పింది.

ఎండలు ముదిరాయి. సోడా గ్యాసు సిలిండర్లను ఎండలో కాపాడుకోవడం పెద్ద పనైంది. సూది ఎక్కడికి పోతుందో చెప్పలేని పరిస్థితి. మా బావమరిది ఉత్త గాలి నింపే సిలిండర్లూ, వాటికో కంప్రెసరూ కొనుక్కొచ్చాడు. డీజిలింజన్లు బాగుచేసిన చెయ్యి, పనిమంతుడు. చెప్పించుకోవడం ఇష్టముండదు. ఆ ఆదివారం చుట్టుపక్కల సచివాలయాల ఉద్యోగులు జట్టుగా వస్తామన్నారు. వాళ్ళకు సోడాలు కావాలన్నాను. పెద్దమ్మ ఆటోలో పెట్టెలు వేసుకుని తనే వచ్చింది. తోటకు రావడం అదే మొదటిసారి. సోడాలు దింపించి నేరుగా కంప్రెసరు దగ్గరికి పోయింది. అప్పటికే ఒక సిలిండరు బిగించి ఇంజను నడుపుతున్నాడు మావాడు. సూది రెండు వందలు దాటింది.

"ఎందాక పోవాల?"

"మూడు వందలు, పెద్దమ్మా."

"సిలిండరు మీద మూడు వేలు అని ఉందే."

"అదే గదా. మూడు వేలకు ఆగేదానికి మూడు వందలే పెడుతున్నాం. పదో వంతు" అన్నాడు నవ్వుతూ.

"ఆ మూడు వేలు ఏంది? ఈ మూడు వందలు ఏంది?"

"అంకెలు అంకెలే పెద్దమ్మా. ఎండలో నిలబడొద్దు, నీడకు పో."

ఆమె నీడకు పోలేదు. మీటరు మీదికి వంగి, అంకెల కింద ఉన్న చిన్న అక్షరాలు చదవమని నన్ను పిలిచింది. బార్ అని ఉంది. సిలిండరు మీద పీఎస్ఐ. బార్ అంటే ఇంచుమించు గార్డు కేజీయే అని మేమిద్దరం ఎప్పుడో చూసి ఉన్నాం. మూడు వందల్ని పద్నాలుగున్నరతో గుణించాను. నాలుగు వేల మూడు వందల పైన. ఇంజను ఆపమన్నాను. మావాడు ఆపలేదు. సూది రెండు వందల ఇరవై దగ్గరుంది. చెయ్యి చాచి నేనే ఆపాను.

గొడవ మొదలైంది. "చేసినోడు కొంచెం ఎక్కువకు తట్టుకునేటట్లే చేసి ఉంటాడు. మూడు వందలు పెడితే తప్ప వాళ్ళ ఆట అరగంట నిలవదు. జనం వచ్చేస్తున్నారు, నలుగురిలో పరువు తీస్తున్నావు" అన్నాడు. అందులో మొదటి మాట అబద్ధమేమీ కాదు. మళ్ళీ ఇంజను దగ్గరికి పోబోయాడు. పెద్దమ్మ మిగతా సిలిండర్లున్న పెట్టె మీద మూత వేసి, దాని మీద కూర్చుంది.

"లెయ్యి పెద్దమ్మా."

"లెయ్యను."

"అది పగులుతదని నీకు తెలుసా?"

"పగులుతదో పగలదో నాకు తెలియదు నాయనా. నీకు తెలుసా?"

వాడు ఇంజను వైపు చూశాడు.

"ఇద్దరికీ తెలియదు గాబట్టే కూర్చున్నా. రాసిన కాడికి పెట్టు, లేస్తా."

వచ్చినవాళ్ళు హెల్మెట్లు చేత్తో పట్టుకుని మా చుట్టూ చేరారు. ఎవరూ నవ్వలేదు. వాళ్ళలో ఒకమ్మాయి, "ఆమె చెప్పినట్లే చేయండన్నా, మేం ఆగుతాం" అంది. మావాడు చేతిలోని పానా నేల మీద పడేసి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఎక్కువైన గాలిని రెండు వందల దాకా వదిలాను. వదిలేటప్పుడు సిలిండరు మెడ చుట్టూ తేమ తెల్లగా పట్టింది. ఆ కోపంలోనూ, ఆ ఎండలోనూ ఆమె లేచి వచ్చి, ఆ తెలుపును వేలితో తాకి, "ఇది చల్లబడిందెందుకు?" అని అడిగింది.

ఆటలు తొందరగా ముగిశాయి గానీ అందరూ ఆడారు. వాళ్ళు వెళ్ళాక ఆమె ఒక తుపాకీ తెమ్మంది. పట్టుకోవడం చూపించాను. రేకు వైపు గురిపెట్టి నొక్కింది. పసుపు రంగు మరక పడింది. దగ్గరికి పోయి తాకి, వాసన చూసి, "ఆ మూడు వేలల్లో ఈ గోలీ దగ్గరికి వచ్చేసరికి ఎంత మిగిలింది?" అంది. నాకు తెలియదన్నాను. తెలుసుకుని మళ్ళీ వారం వెళ్ళాను. సిలిండరు మెడ దగ్గరే ఎనిమిది వందలకు తగ్గిస్తారట, తుపాకీలో ఇంకా తగ్గి, గోలీని తోసేది రెండు మూడు వందలకు మించదట.

"మరి మూడు వేలు ఎందుకు?"

"చిన్న చోట్లో ఎక్కువ గాలి పట్టడానికి."

ఆలోచించింది. "దుకాణం వెనక గోడౌను లాగా. అమ్మేది ముందర పొట్లం పొట్లమే" అంది.

బావమరిది నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. పామూరు వైపు బోర్లు వేసే రిగ్గు మీద పనికి పోయాడు. వానలకు ముందే తోట యజమాని ప్లాట్లు వేసుకుంటానంటే ఆట ఎత్తేశాం. ఒకరోజు సోడాకు వెళ్తే పెద్దమ్మ గొంతు తగ్గించి, "మీవోడు ఫోను చేసినాడు. రిగ్గు మీద కేజీలంట, పైపు మీద పీఎస్ఐ అంట. సరిచూసుకుంటున్నా అని చెప్పినాడు" అంది. నాకు చేయకుండా ఆమెకు చేశాడు. ఆమెకు అది గొప్పగా ఉంది, కానీ బయటపడలేదు. నీళ్ళు తాగడానికి లోపలికి పోయినట్లు పోయి, కళ్ళు తుడుచుకుని వచ్చింది.

ఆమె పోయినప్పుడు నేను ఫ్లెక్సీల పని మీద కనిగిరిలో ఉన్నాను. మూడు నాలుగు రోజుల జ్వరమేనట. కర్మలన్నీ అయ్యాక తెలిసింది. గిద్దలూరు వచ్చి ఆమె భర్తను, పెదనాయనను, చూడ్డానికి వెళ్ళాను. కిరాణా తీసే ఉంది. సోడా వైపు సగం షట్టరు దించి ఉంది. మిషను మీద గోనె కప్పారు. ఆయన పప్పు పొట్లాలు కడుతున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. గోనె కప్పిన మిషను వైపు చూస్తూ నిలబడ్డాను. పోతానని చెప్పబోతుంటే ఆయన పురి దారం తెంపి పక్కన పెట్టాడు.

"నువ్వూ ఆమె అంతంత సేపు మాట్లాడుకునేటోళ్ళు గదా."

"అవును పెదనాయనా."

"ఏందది? గాలి గురించి ఏందో అనేది. నాతో చెప్పబోయేది, నేను బేరం ఉందనేవాణ్ణి." ఆయన తక్కెడ పక్కకు జరిపాడు. "మొదట్నుంచి చెప్పు. నాకు తొందరగా అర్థం కాదు, నిదానంగా చెప్పు."

నాకోసం బియ్యం సంచి మీది గంపను దించి చోటు చేశాడు. నేను కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు ఆడవాళ్ళు నూనె సీసాలు పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

ఆయన వాళ్ళ వైపు చూడకుండానే, "కాసేపాగి రాండమ్మా" అన్నాడు.